గట్టుకో బండి, ఘాటుకో బండి

ఎలక్ట్రిక్ బైకు కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది, ఒక్క ఛార్జికి ఎన్ని కిలోమీటర్లొస్తుందని. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఆఫీసుకు వెళ్లొచ్చేవారికి ఆ ప్రశ్న పెద్దదేం కాదు. దారి చదును, రానూపోనూ ఇరవై కిలోమీటర్ల లోపే. అదే బండిని ఆదివారం కాలవగట్ల మీదికో, మారేడుమిల్లి వైపో తిప్పాలంటే మాత్రం వెనకచక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూడాలి. మోటారు ఎక్కడుంది? దాని బలం చక్రానికి ఎలా అందుతోంది?

చాలా ఎలక్ట్రిక్ స్కూటర్లలో మోటారు చక్రంలోనే ఇమిడి ఉంటుంది. ఊళ్లో అది హాయి. గతుకుల్లో మాత్రం ఆ బరువంతా చక్రంతోపాటే ఎగిరిపడుతుంది, షాక్ అబ్జార్బరు దాన్ని ఆపలేదు. 2019లో వచ్చిన రివోల్ట్ ఆర్వీ400లో 3 కిలోవాట్ల మోటారును ఫ్రేము నడుమ బిగించారు. అక్కడి నుంచి పళ్ల బెల్టు చక్రాన్ని తిప్పుతుంది. నూనె అక్కర్లేదు, చప్పుడుండదు, ప్యాంటుకు మరకంటదు. 3.24 యూనిట్ల బ్యాటరీని బయటికి తీసి మేడమీద ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. అపార్టుమెంటు వాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

వానాకాలం రేగడి బురదలో ఆ బెల్టుకే కష్టం. పుల్లీ పళ్ల సందుల్లో మట్టి మేట వేస్తే బెల్టు బిగుసుకుంటుంది, గులకరాయి ఇరుక్కుంటే పన్ను తెగుతుంది. గొలుసైతే తిరుగుతూ తిరుగుతూ ఆ మట్టిని చాలావరకు రాల్చేస్తుంది. ఓ లింకు పోయినా రంపచోడవరంలో మామూలు మెకానిక్ వేసిస్తాడు. వెనక పెద్ద స్ప్రాకెట్ వేయిస్తే వేగం తగ్గి, ఎక్కే బలం పెరుగుతుంది.

మారేడుమిల్లి లాంటి ఘాటు రోడ్డు ఎక్కడానికయ్యే కరెంటు లెక్క వేస్తే నాకు ముచ్చటేసింది. బండీ మనిషీ కలిపి 180 కిలోలనుకుంటే, 500 మీటర్ల ఎత్తుకు మోయడానికి కావలసింది పావు యూనిట్టే. అసలు ఇబ్బంది వేడితో. రాళ్లదారిలో మెల్లగా పోతున్నప్పుడు మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, కరెంటు రెట్టింపైతే తీగచుట్టల్లో వేడి నాలుగింతలవుతుంది. చల్లార్చే గాలి చూస్తే తక్కువ. వేడి హద్దు దాటితే కంట్రోలరే బలం తగ్గించేస్తుంది. అందుకే మోటారు ఒంటిమీది రెక్కలు ఎంత లోతుగా, ఎంత ఎడంగా ఉన్నాయో చూడమంటాను.

జారుడు గట్టుమీద ఆ కంట్రోలరు పనితనం చేతికి తెలుస్తుంది. రోటరు ఏ కోణంలో ఉందో సెన్సర్లు చెబుతుంటే, మూడు ఫేజుల్లోకి వంతులవారీగా కరెంటు మళ్లిస్తుంది. క్లచ్ లేకుండానే అంగుళం అంగుళం కదలొచ్చు.

బెంగళూరు అల్ట్రావయొలెట్ కంపెనీవే రెండు బళ్లు చూడండి. ఎఫ్77 బరువు సుమారు రెండొందల కిలోలు, హైవేకి దర్జా. 2025లో చూపించిన షాక్‌వేవ్ 120 కిలోలే. బురదలో పడితే ఒక్కరే లేపాల్సిన బండి విషయంలో నా ఓటు ఆ రెండోదానికే.