చిన్న కంప్యూటర్లు, పాత కట్టుబాట్లు

విండోస్‌తో నడిచే కంప్యూటరులో ప్రధాన డిస్కుకు నేటికీ ‘సి’ అనే అక్షరమే గుర్తు. ‘ఎ’, ‘బి’ ఏమైనవని విద్యార్థి అడుగవచ్చును. ఆ అక్షరాలు తొలినాటి యంత్రాలలోని రెండు ఫ్లాపీ డిస్కులవి. ఫ్లాపీలు మూలబడినా వాటి కోసం ఏర్పడిన వరుస మాత్రం మారలేదు. ఇట్టి ఆచారాలలో ఏవి గుణాలు, ఏవి దోషాలు?

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి పనులు నడిపించే ప్రోగ్రాము. ఇంటెల్ 8080 ప్రాసెసరు గల చిన్న యంత్రాల కొరకు 1974లో గ్యారీ కిల్డాల్ అట్టిదానిని రచించాడు. దాని పేరు సీపీ/ఎమ్. యంత్రాన్నిబట్టి మారవలసిన భాగాన్ని అతడు తరువాత ‘బయోస్’ అనే పేరుతో వేరుచేశాడు. కొత్త యంత్రం వస్తే ఆ భాగం ఒక్కటే తిరిగి వ్రాస్తే చాలును. అందువల్లనే పలు సంస్థల యంత్రాలపై ఒకే ప్రోగ్రాము నడిచింది. ఈ విభజన నిస్సందేహంగా గొప్ప గుణం.

1980లో టిమ్ పాటర్సన్ 8086 ప్రాసెసరు కొరకు సీపీ/ఎమ్‌ను పోలిన మరొక సిస్టమ్ వ్రాశాడు. మైక్రోసాఫ్ట్ దానిని కొన్నది. 1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎమ్ పర్సనల్ కంప్యూటరుతో అది ‘డాస్’గా ప్రసిద్ధికెక్కింది. పాత ప్రోగ్రాములను సులభంగా మార్చుకొనే వీలు కల్పించుటకై పాత పద్ధతులనే అందులో నిలిపారు. ఫైలు పేరుకు 8 అక్షరాలు, రకానికి 3 మాత్రమే. సీపీ/ఎమ్ ఫైలు పొడవును 128 బైట్ల ముక్కలలో లెక్కించేది. కావున పాఠం ఎక్కడ ముగిసిందో తెలుపుటకు 26వ సంకేతం ఉంచవలసివచ్చేది. డాస్ ఒక్కొక్క బైటునూ లెక్కించగలిగినా ఆ సంకేతం వాడుక చాలాకాలం పోలేదు.

వీనిని అవివేకమనుట న్యాయం కాదు. 8080 ప్రాసెసరు నేరుగా చేరుకోగల మెమొరీ 64 కిలోబైట్లే. ఆ ఇరుకులో పొదుపే వివేకం.

విమర్శింపదగినది వేరొకటి. ఒక ప్రోగ్రాము మరొకదాని మెమొరీలోనికి చొరబడకుండా ఆపే ఏర్పాటు డాస్‌లో లేదు. 8086కు ఆ శక్తి లేదన్నది నిజమే. కాని 1982లో ఇంటెల్ 80286 ఆ శక్తితోనే వెలువడింది. అయినా పాత ప్రోగ్రాములు నడిచి తీరవలెనన్న పట్టుదల వల్ల ఇళ్ళలో వాడుకొనే విండోస్‌కు గట్టి రక్షణ 2001లో, ఎక్స్‌పీతో గాని రాలేదు. ఒక తప్పుడు ప్రోగ్రాము యంత్రాన్నంతటినీ స్తంభింపజేయుట అంతవరకు నిత్యానుభవమే.

కావున పాతదంతా దోషం కాదు, నిలిచినదంతా గుణం కాదు. కిల్డాల్ విభజన నేటికీ అవసరమున్నందున నిలిచింది. రక్షణలేమి అలవాటు బలంతో నిలిచింది. తరగతిలో కంప్యూటరు నియమాలను చెప్పునపుడు ప్రతిదాని వెంట దాని కారణమేదో, ఆ కారణం ఇంకా ఉన్నదో లేదో విద్యార్థిచేత అడిగించగలిగితే, అది ఒట్టి కంఠస్థం కాక విజ్ఞానమవుతుంది.