కలిపినవాడి పనితనం, పండించినవాడి ఊరు

పోయిన శనివారం బెంగళూరులో కాఫీ గింజలు వేయించేవాళ్లంతా ఒకచోట చేరితే నేనూ వెళ్లాను. అక్కడ ఒక యువకుడు మైకు పట్టుకుని చెప్పిన మాట ఈ వారమంతా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ‘‘బ్లెండ్ అంటే నాసి గింజల్ని దాచే చోటు. మంచి గింజకి తోడెందుకు?’’ అన్నాడు. హాల్లో సగంమంది చప్పట్లు కొట్టారు.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి నా పక్షమేమిటో తెలుసు. ఆవకాయ కారం గురించి రాసినప్పుడు, రంగుకో రకం, ఘాటుకో రకం మిరపకాయలు ఏరి కలిపి దంచేవాళ్లని తలుచుకుని ఇదే చెప్పాను. కలపడం ఒక విద్య. అది లోపాలు కప్పిపుచ్చుకునే పని కాదు.

ఆ విద్యని నేను మొదట చూసింది రాజమండ్రిలో, మా వీధి చివరి కాఫీపొడి కొట్టులో. కొట్టాయన దగ్గర అట్ట ఊడిపోయిన ఒక లెక్కల పుస్తకం ఉండేది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ ఏ ఎంత, రోబస్టా ఎంత, చికోరీ వేయాలా వద్దా అన్నీ అందులో రాసుకునేవాడు. మా మామ్మ పేజీలో చికోరీ గడి ఎప్పుడూ ఖాళీయే. ఒక శ్రావణమాసంలో ఆవిడ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, ‘‘ఏం నాయనా, ఈసారి కాఫీ నీళ్లలా ఉంది, పొడి మార్చావా?’’ అని నిలదీసింది. ఆయనకి కోపం రాలేదు. ‘‘పొడి అదేనండి మామ్మగారూ. వానలకి పచ్చగడ్డి మేసి గేదెలు పల్చటి పాలు ఇస్తున్నాయండి. రోబస్టా ఓ గుప్పెడు పెంచుతాను, దసరా వెళ్లాక మళ్లీ తగ్గిద్దాం’’ అన్నాడు. పెన్సిలు తీసి ఆ పేజీలో అంకె దిద్దుకున్నాడు. పొడి మర నుంచి వేడివేడిగా జారుతుంటే చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి, ఫిల్టరుకి సరిపోయే బరక వచ్చిందో లేదో చూసి అప్పుడు పొట్లం కట్టాడు.

గింజలు ఏటా మారతాయి. వానలు మారతాయి, పాలు మారతాయి. అయినా పొద్దున్నే లేచినవాడి నోటికి నిన్నటి కాఫీయే అందాలి. దానికోసం ఆ మనిషి ఏడాది పొడవునా పడ్డ శ్రమని ‘దాచడం’ అంటే నాకు మింగుడుపడదు.

శనివారం సాయంత్రం ఆ బెంగళూరు సమావేశంలోనే మా అందరిచేతా కలిపించారు. బల్లమీద మూడు రకాలు పెట్టారు: చిక్కమగళూరు ప్లాంటేషన్ ఏ, అరకు పీబెర్రీ, కొడగు రోబస్టా. మూడూ విడివిడిగా వేయించినవే. పీబెర్రీ అంటే కాయలో రెండు పప్పులకి బదులు ఒక్కటే పెరిగిన గింజ. గుండ్రంగా ఉంటుంది కాబట్టి డ్రమ్ములో దొర్లుతూ నాలుగు వైపులా సమంగా వేగుతుంది. ఒక పక్క చదునుగా ఉండే మామూలు గింజ అలా దొర్లదు. రోబస్టాకి వేగే తీరే వేరు. దేని చిటపటలు దానివి, దేన్ని ఎప్పుడు దింపాలో దాని లెక్క దానిది. మూడింటినీ ఒకే డ్రమ్ములో పోస్తే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా మిగులుతుంది. అందుకే వేయించాక కలపాలి.

అరకు పీబెర్రీ ఒక్కదాన్నే పాలు లేకుండా తాగితే ఎంత బావుందో! చల్లారేకొద్దీ పండు పులుపు పైకి తేలుతోంది. కానీ మనం తాగేది పాలు పోసుకుని కదా. పాలు పడగానే ఆ పులుపు అణిగిపోయింది. పది పాళ్లలో రెండు పాళ్లు రోబస్టా కలిపి చూశాను, పాలలోంచి కాఫీ లేచి నిలబడింది. నాలుగు పాళ్లకి వెళ్తే చేవ ఉంది గానీ అరకు వాసన మునిగిపోయింది. మూడు దగ్గర ఆగాను. ఆ కప్పు తీసుకెళ్లి ఆ యువకుడికి ఇచ్చాను. మొత్తం తాగి, ‘‘బావుంది సార్. కానీ ఇందులో అరకు రైతు ఎక్కడున్నాడు?’’ అని అడిగాడు.

ఆ ప్రశ్న నాతోపాటు రైలెక్కింది.

మా కొట్టాయన దగ్గర బస్తా మీద గ్రేడు ఉండేది, ఊరు ఉండేది కాదు. అందులో ఆయన తప్పు లేదు. 1942 నాటి చట్టం కింద తోటలవాళ్లు తమ పంటని కాఫీ బోర్డు పూల్‌కి అప్పజెప్పాల్సి ఉండేది. అక్కడ గ్రేడుల వారీగా అందరిదీ ఒకటైపోయి వేలానికి వెళ్లేది. 1990ల మధ్యలో గానీ ఆ కట్టు పూర్తిగా వదల్లేదు. అన్నేళ్లూ ఏ కొండ మీది గింజో తాగేవాడికి తెలిసే దారే లేదు. అరకు, పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య కాఫీ పెంచిన గిరిజన రైతులకి తమ ఊరి పేరు కప్పు దాకా రావడం ఈమధ్యనే మొదలైంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కొట్టు తెరిచారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత ఆలస్యంగా దక్కిన పేరుని నేను కలిపిన కప్పులో కరిగించేస్తానంటే ఆ కుర్రవాడు అడ్డుపడడా? పడాలి.

బ్లెండ్ మీద నా ప్రేమ తగ్గలేదు. కానీ ఊరి పేరు చెప్పని బ్లెండ్‌ని వెనకేసుకు రావడం ఇక నావల్ల కాదు. చికోరీ కలిపితే ఎంత శాతమో ప్యాకెట్ మీద వేయాలన్న నిబంధన ఉంది. అదే ప్యాకెట్ మీద మిగతా భాగం ఏ కొండదో, అరబికా ఎంతో, రోబస్టా ఎంతో చాలా కంపెనీలు చెప్పవు. అదంతా ‘మా రహస్యం’ అంటారు. మా మామ్మకి తన పేజీలో ఏముందో తెలుసు. ఆ పాళ్లు తెలిసినంతమాత్రాన ఆవిడ మరో కొట్టుకి వెళ్లలేదు.

ఈ సంగతి విజయవాడలో గింజలు వేయించి అమ్మే మిత్రుడికి ఫోన్ చేసి చెప్పాను. ‘‘పాళ్లు నెలనెలా మారుతుంటాయండీ, ప్రతిసారీ కవర్లు అచ్చువేయించాలంటే నావల్ల అవుతుందా?’’ అన్నాడు. కవరు అదే ఉంచి, అడుగున రెండు వేళ్ల జాగా వదిలి, నెలకో రబ్బరు స్టాంపు వేయమన్నాను. ఊరు, పాళ్లు, వేయించిన తేదీ, అంతే. స్టాంపు చేయించే ఖర్చు నేను పెట్టుకుంటానని కూడా చెప్పాను. వచ్చే నెల సరుకుతో మొదలుపెడతానన్నాడు.