అమిత్ భాదురి 'బలవంతపు వాణిజ్యం': నెల్లూరు తీరం నుంచి ఒక పునఃపరిశీలన

కీన్సు అనంతర ఆర్థిక చింతనకు భారతదేశం నుంచి అందిన ముఖ్యమైన చేర్పులలో అమిత్ భాదురి రచనలు ఉన్నాయి. 1940లో జన్మించిన ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోను చదివి, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో బోధించారు. అసమ్మతిని అణచివేస్తున్నారన్న నిరసనతో 2020లో అక్కడి ఎమెరిటస్ ఆచార్య హోదాను వదులుకున్నారు.

1973లో 'ఎకనామిక్ జర్నల్'లో వెలువడిన వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో భూమిని కౌలుకిచ్చేవాడే తిండిగింజలు అప్పిస్తాడు. దిగుబడి పెరిగితే కౌలుదారు అప్పు తగ్గి, భూస్వామికి వడ్డీ రాబడి పోతుంది. కనుక కొత్త సాంకేతికతను అతడే అడ్డుకుంటాడన్నది వాదన. రాబడి తప్పక తగ్గుతుందన్న నిర్ధారణను 1979లో టి.ఎన్. శ్రీనివాసన్ అదే పత్రికలో ప్రశ్నించారు.

నెల్లూరు తీరం ఈ వాదనకు ఇంకా కఠినమైన పరీక్ష. 1990ల ఆరంభంలో ఇక్కడ టైగర్ రొయ్యల చెరువులు విస్తరించాయి. ఆ దశాబ్దం మధ్యలో వైరస్ తెగులు వచ్చింది, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2009 తరువాత వెనామీ వచ్చింది. ఈ మార్పులలో దేనినీ అప్పిచ్చేవాడు అడ్డుకోలేదు. సీడు, దాణా, మందులు అరువుకిచ్చే డీలరుకు దిగుబడి పెరగడమే లాభం. రొయ్య ఎంత తింటే అతని సరుకు అంత అమ్ముడవుతుంది. కాబట్టి 1973 నాటి వాదన ఈ గట్టు మీద నిలవదు.

నిలిచేది 1986లో 'వరల్డ్ డెవలప్‌మెంట్'లో ఆయన వివరించిన భావన. అప్పు తీర్చడానికి రైతు నూర్పిళ్ళనాడే చౌకగా అమ్మి, తరువాత అదే గింజను ప్రియంగా కొంటాడు. అతడు సంతకు వెళ్ళేది లాభం చూసి కాదు, తప్పక. దీనిని 'బలవంతపు వాణిజ్యం' అంటున్నాం గాని, ఆ మాటలో దౌర్జన్యపు ఛాయ ఉంది. 'గత్యంతరం లేని అమ్మకం' అంటే భావానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

చెరువు దగ్గర ఈ గత్యంతరలేమి మరింత తీవ్రం. ధాన్యాన్ని గాదెలో పోసుకోవచ్చు. రొయ్య నీటి నుంచి పైకొచ్చిన క్షణం నుంచి ఐసు కావాలి. తెగులు కనిపిస్తే కౌంటు ఎంతున్నా పట్టుబడి చేయాల్సిందే. కిలోకు ముప్పై తూగవలసినవి వంద తూగుతాయి, ధర పడిపోతుంది. బాకీ లేని రైతు నాలుగు చోట్ల ధర అడగగలడు. బాకీ ఉన్నవాడు డీలరు చూపిన కొనుగోలుదారుకే ఇస్తాడు. అయితే ఒక సవరణ అవసరం. ఇక్కడి రైతు తాను అమ్మినదాన్ని తిరిగి కొనడు. అతని నష్టం అరువు దాణా ధరలో ఒకసారి, పట్టుబడి ధరలో మరొకసారి దాగి ఉంటుంది.

స్టీఫెన్ మార్గ్లిన్‌తో కలిసి 1990లో రాసిన వ్యాసంలో, కూలి ఉత్పత్తి ఖర్చే కాక గిరాకీకి ఆధారం కూడా అని భాదురి చూపారు. ఎగుమతి రొయ్యకు ఈ రెండో ముఖం దాదాపు లేదు. చెరువు కూలీ ఆ రొయ్యను కొనేవాడు కాడు. గిరాకీ సముద్రానికి ఆవల ఉంది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఇక్కడ గట్టు మీద ధర కదిలింది అందుకే.

భాదురి నమూనాలో ఎదురెదురుగా ఇద్దరే ఉంటారు. ఈ తీరంలో చెరువు కౌలుకిచ్చినవాడు, డీలరు, ఏజెంటు, ఎగుమతి సంస్థ వేర్వేరు. రైతు నష్టంలో ఎవరి వాటా ఎంతో ఆ నమూనా చెప్పదు. డీలరు ఖాతా పుస్తకాన్ని, పట్టుబడి చీటీని పక్కపక్కన పెట్టి చదివే క్షేత్ర పరిశోధనే చెప్పాలి.