మొక్క వాళ్లది, గుంత మనది

ఈ మధ్య మన విశ్వవిద్యాలయాల్లో కొత్త పండుగలు పుట్టాయి. ఏప్రిల్ 22 వస్తే ధరిత్రీ దినోత్సవం, జూన్ 5 వస్తే ప్రపంచ పర్యావరణ దినోత్సవం. వీటి నడుమ వాతావరణ వారోత్సవాలు, సైకిల్ ర్యాలీలు, పోస్టర్ల పోటీలు, సుస్థిరాభివృద్ధి మీద జాతీయ సదస్సులు. పర్యావరణం గురించి మాట్లాడొద్దని దళితులెవరూ అనరు. ఎండలు ముదిరితే ముందు మాడేది మన ఒళ్లే, వరదొస్తే ముందు మునిగేది మన వాడే. అందుకే ఈ విషయం మీద మాట్లాడే హక్కు అందరికన్నా మనకే ఎక్కువ. మరి ఈ పండుగల్లో మనం ఎక్కడున్నాం? వేదిక మీదా, లేక అది ఖాళీ అయ్యాక ఊడ్చే చోటా? ఈ వ్యాసం అడిగేది ఆ ప్రశ్నే.

నేను చదువుతున్న విశ్వవిద్యాలయంలో ఏటా జరిగే తంతు చెప్తాను. పేరెందుకు, చాలా చోట్ల ఇదే వరస. ముందురోజు సాయంత్రమే కాంట్రాక్టు కూలీలు గడ్డపారలతో గుంతలు తవ్వి, ఎరువు పోసి, పక్కన మొక్కలు పేర్చిపెడతారు. తెల్లారి పదింటికి పెద్దలు వస్తారు. ఒకరు మొక్క పట్టుకుంటారు, ఒకరు నీళ్లు పోస్తారు, పదిమంది చుట్టూ చేరి ఫోటో దిగుతారు. తర్వాత ఏసీ హాల్లో ఉపన్యాసాలు. వెనక కట్టిన ప్లాస్టిక్ ఫ్లెక్సీ మీద 'ప్లాస్టిక్ మానండి' అని రాసుంటుంది. భోజనాలయ్యాక ఎంగిలి ప్లేట్లు ఎత్తేది మళ్లీ ఆ గుంతలు తవ్విన వాళ్లే, వాళ్ల ఆడవాళ్లే. మర్నాడు పేపర్లో ఫలానా ఆచార్యులు వంద మొక్కలు నాటారని వార్త. తవ్విన చేతుల ఊసే ఉండదు. దున్నింది పాలేరైనా పండించింది ఆసామే అని ఊరు చెప్పుకుంటుంది కదా. యూనివర్సిటీ కూడా అదే లెక్క రాస్తోంది.

ఇదేదో ఒకరిద్దరి ఆడంబరం కాదు. దీని వెనక ఒక పద్ధతి ఉంది. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో భాగం చేయమంది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆ సబ్జెక్టును తప్పనిసరి చేసింది. అంతవరకూ మంచిదే. తర్వాత న్యాక్ వాళ్ల మూల్యాంకనంలో ఏడో ప్రమాణం కింద పర్యావరణ స్పృహకు మార్కులొచ్చాయి. మార్కులకు గ్రీన్ ఆడిట్ నివేదికలు, జియోట్యాగ్ చేసిన ఫోటోలు సాక్ష్యం. ఇండోనేషియా విశ్వవిద్యాలయం 2010లో మొదలుపెట్టిన గ్రీన్‌మెట్రిక్ ర్యాంకు ఇంకొకటి. పచ్చదనం, కరెంటు, చెత్త, నీళ్లు, రవాణా వంటివి దాని కొలతలు. చెత్తను ఎట్లా వేరు చేస్తున్నారో ఈ లెక్కలన్నీ అడుగుతాయి. వేరు చేసే మనిషి పర్మినెంటా, కాంట్రాక్టా, ఆమెకు చేతి తొడుగులున్నాయా లేవా అన్న గడి ఆ ఫారాల్లో వెతికినా దొరకదు. ఫోటో కోసం పండుగ, మార్కు కోసం ఫోటో. ఇందులో కూలి మనిషి ఎక్కడ పడతాడు?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో 'మిషన్ లైఫ్' ప్రారంభించింది. పర్యావరణానికి తగిన జీవనశైలి అని దాని అర్థం. మనుషులు చేయాల్సిన 75 పనుల జాబితా అందులో ఉంది. క్యాంపస్‌లలో ఇప్పుడు ప్రతిజ్ఞలు చేయిస్తున్నది దీన్ని పట్టుకునే. ఏసీ తగ్గించండి, కుళాయి కట్టేయండి, దగ్గరి దూరాలకు సైకిలెక్కండి. ఈ మాటలు ఎవరికి చెప్తున్నారు? ఏసీ ఉన్నవాడికి, కారున్నవాడికి. వాడలో బిందె పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడ్డ ఆడమనిషికి నీళ్లు పొదుపు చేయమని చెప్పడం ఏం న్యాయం? ఆమె జీవితమంతా పొదుపే. అయితే ఆమె పొదుపును జీవనశైలి అనరు, పేదరికం అంటారు. 2024 జూన్ 5న తల్లి పేరున ఒక మొక్క నాటమని మరో పిలుపు వచ్చింది. మా అమ్మ పేరున మొక్క నాటడానికి నాకు అభ్యంతరం లేదు. ఎక్కడ నాటమంటారు? మా అమ్మ పేరున సెంటు భూమి లేదు. అమ్మ పేరున భూమి ఇవ్వని రాజ్యం మొక్క మాత్రం ఇస్తానంటోంది.

చెత్త సంగతికొద్దాం. క్యాంపస్‌లో రంగురంగుల డబ్బాలు పెట్టి 'జీరో వేస్ట్' అని రాస్తారు. చెత్త మాయమైపోదు కదా, ఇంకో చోటికి పోతుంది. హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి పోయింది జవహర్‌నగర్‌కే. దాని మురుగు దిగి మల్కారం చెరువు పాడైంది, చుట్టుపక్కల బోరు నీళ్లు పాడయ్యాయి. అక్కడుండేది ఎక్కువగా పేదజనం. మన గేటు బయటికి పోగానే 'జీరో' అయిన చెత్త వాళ్ల గుమ్మం ముందు గుట్టైంది. ఇది ఊరికీ వాడకూ నడుమ ఉన్న పాత సంబంధమే. ఊరి మురుగు ఎటు పారుతుందో అటే వాడ ఉంటుంది. దీన్ని ఏ గ్రీన్ ఆడిట్టూ కొలవదు.

ఎత్తేవాళ్ల కులం తెలుసుకోవాలంటే ఊహించనక్కర్లేదు, ప్రభుత్వ లెక్కలే ఉన్నాయి. నమస్తే పథకం కింద మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే సుమారు 38 వేల మంది కార్మికుల వివరాలు 2024 నాటికి సేకరిస్తే, 68.9 శాతం మంది షెడ్యూల్డ్ కులాల వాళ్లు. బీసీలు, ఆదివాసులను కలిపితే 92 శాతం దగ్గరికొస్తుంది. చేతులతో మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగులో దిగి చనిపోతే 10 లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పుల వెనక సఫాయి కర్మచారి ఆందోళన్ వంటి సంఘాల ఏళ్ల తరబడి పోరాటం ఉంది. ఆ సంఘం నాయకుడు బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర అదే పనిచేసిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. ఇంతకన్నా పెద్ద పర్యావరణ ఉద్యమం ఏముంది? అయినా నేను చూసిన ఏ పర్యావరణ సదస్సులోనూ ఆయన పేరు వినపడలేదు. పారిశుధ్యం అంటే ఆయనది, పర్యావరణం అంటే వీళ్లది! పనిలోనే కాదు, జ్ఞానంలో కూడా కుల విభజన ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది.

సదస్సుల్లో ఉష్ణోగ్రత గ్రాఫులు చూపిస్తారు. గీత పైకి పోతూ ఉంటుంది. ఆ గీత కింద ఎవరున్నారో చూపించరు. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఎండదెబ్బకు ఎక్కువగా పోయేది ముసలివాళ్లు, ఎండలో రెక్కలమ్ముకునేవాళ్లు. 'బయటికి రాకండి' అని సర్కారు చెప్తుంది. రాకపోతే ఆ పూట కూలి ఎవరిస్తారు? వాతావరణం అందరికీ ఒకటే కావచ్చు, నీడ ఒకటి కాదు. నీడను కూడా కులం చూసి పంచిన దేశం ఇది.

ఐక్యరాజ్యసమితి వేయించిన కమిషన్ 1987లో సుస్థిరాభివృద్ధి గురించి ఇచ్చిన నివేదిక పేరు 'మన ఉమ్మడి భవిష్యత్తు'. మాట బాగుంది. కానీ ఉమ్మడి బావి లేని దేశానికి ఉమ్మడి భవిష్యత్తు ఎట్లా వస్తుంది? ఆ బావి కోసం, ఆ చెరువు కోసం కొట్లాడింది మనవాళ్లే. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగి అంబేద్కర్ చెప్పింది, ప్రకృతి వనరుల మీద మనుషులందరికీ సమాన హక్కుందనే. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో ఉన్నప్పుడు దామోదర్ లోయ పథకానికీ, కేంద్ర జలవనరుల సంస్థకూ పునాది వేసినవాళ్లలో ఆయనొకడు. 1985 జూలైలో కారంచేడు రగిలింది ఎక్కడ? మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర. ఆ నీళ్లు మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవ, బిందె ఎత్తి అడ్డుకున్న సువార్తమ్మ, మర్నాడు ఆరుగురు మాదిగల హత్య. తాగే నీళ్లను కాపాడుకోవడం పర్యావరణ పోరాటం కాకపోతే మరేది? చిప్కో గురించి చదివే విద్యార్థికి కారంచేడు గురించి చెప్పరు. చెట్టును కౌగిలించుకుంటే పర్యావరణం, చెరువును కాపాడుకుంటే కులగొడవ!

తిండి విషయంలో కూడా ఇంతే. మాంసం మానితే భూమి బతుకుతుందని పోస్టర్లు వేస్తారు. పశువుల నుంచి మీథేన్ వస్తుందన్నది అబద్ధం కాదు. అయితే అడవులు నరికి, గింజలు మేపి లక్షలాది పశువుల్ని పెంచే కంపెనీల లెక్కను, చచ్చిన గొడ్డును వృథా పోనీయకుండా మాంసం తిని, తోలు ఊని, చెప్పులూ మోటతొండమూ డప్పూ చేసిన మాదిగ మీద రుద్దితే ఎట్లా? మళ్లీ వాడుకోవడం గురించి ఇవాళ ఇంగ్లీషులో పాఠం చెప్తున్నారు. ఆ విద్య తెలిసినవాణ్ణి నిన్నటిదాకా అంటరానివాడన్నారు. ఆ విద్యకు క్షమాపణ చెప్పకుండా ఆ పాఠం చెప్పే అర్హత ఎవరికుంది?

అమెరికా నల్లజాతివాళ్లు ఈ ప్రశ్న మనకన్నా ముందే వేశారు. 1970లో తొలి ధరిత్రీ దినం అక్కడి కాలేజీల్లోనే జోరుగా నడిచింది. 1982లో ఉత్తర కరోలినాలోని వారెన్ కౌంటీలో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే చోట విషపు మట్టి పాతిపెడుతుంటే జనం లారీలకు అడ్డంగా పడుకున్నారు. విషపు చెత్త ఎక్కడ పడుతుందో జాతి నిర్ణయిస్తోందని 1987లో ఒక చర్చి సంస్థ లెక్కలతో నిరూపించింది. 1991లో వాషింగ్టన్‌లో సభ పెట్టి పర్యావరణ న్యాయానికి 17 సూత్రాలు రాసుకున్నారు. పర్యావరణం పక్కన న్యాయం అనే మాట చేరింది అట్లాగే. మన క్యాంపస్ బ్యానర్ల మీద ఆ మాట ఇంకా చేరలేదు.

మన దగ్గర క్యాంపస్ పర్యావరణం పండుగ నుంచి పోరాటంగా మారిన సందర్భం ఒకటుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి 2025 మార్చి 30న బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డం పోయారు, పోలీసులు ఈడ్చుకుపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అంబేద్కర్ విద్యార్థి సంఘం వాళ్లూ, వామపక్ష విద్యార్థులూ అందులో కలిసే ఉన్నారు. రాజ్యాన్ని ఎదిరించినందుకే అది నిజమైన కార్యాచరణ అయింది, ఫోటో కాలేదు. ఆ పోరాటాన్ని మనం సొంతం చేసుకోవాలి. చేసుకుంటూనే ఒక మాట అడగాలి. కంచ అంటే పశువులు మేసే భూమి. నెమలి గురించి దేశమంతా మాట్లాడింది. ఆ కంచల్లో గొర్రెల్నీ గొడ్లనూ మేపుకున్న కులాలు ఎటుపోయాయని ఎంతమంది అడిగారు? అదే విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలేసిన దళిత విద్యార్థులు ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్నారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 17న ప్రాణం తీసుకున్నాడు. చెట్టుకూ నెమలికీ చోటుండాలనే క్యాంపస్‌లో దళిత విద్యార్థికి కూడా చోటుండాలి. ఈ రెండూ వేరు వేరు డిమాండ్లు కావు.

'ప్రతిదాంట్లోకీ కులాన్ని లాగుతారు మీరు' అంటారు మేధావులు. మేం లాగేదేముంది, అది ముందే అక్కడుంది. సుస్థిరత గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెప్పాలి. ఈ దేశంలో వేల ఏళ్లుగా సుస్థిరంగా ఉన్నది కులమొక్కటే. దాన్ని కదిలించకుండా మిగతాదంతా సుస్థిరం చేస్తే లాభపడేదెవరో వేరే చెప్పాలా?

కాబట్టి విద్యార్థి మిత్రులు, ఉపాధ్యాయులు ఈ కార్యక్రమాలను బహిష్కరించనక్కర్లేదు, లోపలికిపోయి అడగాలి. గ్రీన్ ఆడిట్ జరిగినప్పుడు పారిశుధ్య కార్మికుల జీతం, పీఎఫ్, వైద్యం, ఎండాకాలం పనివేళలు అందులో రాయించాలి. క్యాంపస్‌లోని ఏ మ్యాన్‌హోల్‌లోకీ మనిషి దిగడని రాతపూర్వకంగా తీసుకోవాలి. పర్యావరణ పాఠంలో మహద్‌నూ కారంచేడునూ చేర్పించాలి. వచ్చే జూన్ 5న వేదిక మీద తొలి మాట గుంత తవ్విన మనిషి చేత మాట్లాడించాలి. అది ఒప్పుకోని విశ్వవిద్యాలయం ఎన్ని మొక్కలు నాటినా, నాటేది అగ్రహారంలోనే అని మనం గట్టిగా చెప్పాలి.