నీటిని చూసి కెమెరా కొనండి

కోనసీమలోని అమలాపురం, రాజోలు ప్రాంతాల్లో వనామీ రొయ్యలు సాగుచేసే రైతు చెరువు గట్టెక్కగానే ముందు నీటి రంగు చూస్తాడు. తర్వాత నలుపు తెలుపు రంగులు వేసిన గుండ్రటి సెక్కీ డిస్క్‌ను తాడుతో నీళ్లలోకి దించుతాడు. ఎంత లోతులో అది కంటికి ఆనకుండా పోయిందో చూసుకుంటాడు. 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య మాయమైతే చెరువులో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) తగుపాళ్లలో ఉన్నట్టు లెక్క. ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కీ 1865లో మధ్యధరా సముద్రంలో మొదలుపెట్టిన పరీక్ష ఇది. నీటి అడుగున ఫొటోలు తీయాలనుకునేవాళ్లు కూడా కెమెరా దుకాణానికి వెళ్లేముందు ఈ లెక్కే చూసుకోవాలి. దిగబోయే నీళ్లలో ఎంత దూరం కనబడుతుందో తేలితే ఏ కెమెరా కొనాలో సగం తేలినట్టే.

కోనసీమ నీళ్లు ఫొటోలకు అంత తేలిగ్గా లొంగవు. గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠ, వైనతేయ వరదల్లో ఒండ్రుమట్టిని మోసుకొచ్చి సముద్రంలో కలుపుతాయి. అంతర్వేది దగ్గరా, ఓడలరేవు దగ్గరా ఆ రోజుల్లో సముద్రం కూడా చాలా దూరం ఎర్రగా కనబడుతుంది. ఎగువన రాజమహేంద్రవరం దగ్గర గోదావరిలో మునిగి బకెట్లతో ఇసుక తోడే పడవ కార్మికులు కంటిచూపు కన్నా చేతి స్పర్శనే ఎక్కువ నమ్ముకుంటారు. అలాంటి నీళ్లలో ఎంత ఖరీదైన కెమెరా అయినా దూరపు దృశ్యాన్ని పట్టలేదు.

తేటనీళ్లలోనూ చిక్కులు తప్పవు, వాటికి కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. నీరు ముందుగా ఎరుపు రంగును మింగేస్తుంది. తేటనీటిలో కూడా 5, 6 మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు పోతుంది. ఆ తర్వాత నారింజ, పసుపు వన్నె తగ్గుతాయి. చివరికి మిగిలేది నీలం, మన తీరంలోనైతే ఎక్కువగా ఆకుపచ్చ. పైగా కాంతి వక్రీభవనం వల్ల నీళ్లలోని వస్తువు పావు వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా అగుపిస్తుంది. కెమెరా ముందు బల్లపరుపు అద్దం ఉంటే లెన్సుకు అందే దృశ్యం ఇరుకైపోతుంది. విశాలమైన దృశ్యాలకు అర్ధగోళం ఆకారంలో ఉండే డోమ్ అద్దం వాడేది అందుకే.

ఈ కష్టాలు మొదటినుంచీ ఉన్నవే. ఫ్రాన్స్‌లోని బాన్యుల్స్ తీరంలో 1893లో లూయీ బూటాన్ అనే జీవశాస్త్రవేత్త నీళ్లలో ఫొటోలు తీశాడు. వెలుగు చాలక కొన్నిసార్లు అరగంట దాకా ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సి వచ్చేది. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ నీటిపై తేలే తెప్ప మీద మెగ్నీషియం పొడిని పేల్చి, ఆ మెరుపులో చేపలను రంగుల్లో ఫొటో తీశారు. నీటి అడుగుకు వెలుగును మోసుకెళ్లడమే ఈ కళకు ఆయువుపట్టని వాళ్లు అప్పుడే గ్రహించారు.

ఇప్పుడు కెమెరా సంగతి. కొత్తవాళ్లకు చిన్న కెమెరానే మేలు. ఒలింపస్ టీజీ-6, దాని తర్వాత 2023లో వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7 విడిగానే 15 మీటర్ల లోతు తట్టుకుంటాయి. లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న జీవిని కూడా ఫోకస్ చేస్తాయి. మసకనీళ్లలో ఈ గుణమే అక్కరకొస్తుంది. గోప్రో లాంటి యాక్షన్ కెమెరాలు హౌసింగ్ (కెమెరాను ఉంచే నీరు చొరబడని పెట్టె) లేకుండా 10 మీటర్ల దాకా వెళ్తాయి, వీడియోకు బాగుంటాయి. పెద్ద కెమెరా కొనదలిస్తే దాని హౌసింగ్ ధర ముందే కనుక్కోవాలి. కెమెరా కన్నా హౌసింగే ఎక్కువ ఖరీదు కావచ్చు. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 ముద్ర ఉంది కదా అని ఫోనును సముద్రంలో ముంచకూడదు. ఆ పరీక్ష జరిగేది మంచినీటిలో, ఉప్పునీటికి ఆ భరోసా వర్తించదు. ఏ కెమెరా కొన్నా, సెన్సర్ అందుకున్న సమాచారాన్నంతా ఉంచే ‘రా’ ఫార్మాట్‌లో ఫొటో తీసే వీలుండాలి. అలా తీస్తే పోయిన రంగులను తర్వాత కొంతవరకు రాబట్టుకోవచ్చు.

ఫ్లాష్‌ను ఎక్కడ పెట్టామన్నది ఇంకా ముఖ్యం. ధనుర్మాసంలో కాలువ గట్టు మీద పొగమంచులోకి హెడ్‌లైటు వేస్తే దారికి బదులు తెల్లటి తెర కనబడుతుంది. లెన్సు పక్కనే ఉన్న ఫ్లాష్ వెలిగిస్తే నీళ్లలోనూ అదే జరుగుతుంది. కెమెరాకీ చేపకీ మధ్య తేలే మట్టిరేణువులన్నీ మెరిసి ఫొటో నిండా చుక్కలు పడతాయి. డైవర్లు దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. అందుకే స్ట్రోబ్ అనే విడి ఫ్లాష్ లైటును పొడవాటి కడ్డీకి బిగించి పక్కకు జరుపుతారు. కనబడే దూరంలో ఐదో వంతుకు మించని దూరంలో ఉండాలన్నది వాళ్ల లెక్క. 5 మీటర్లు కనబడితే చేపకు ఒక్క మీటరు దూరంలో ఉండాలి. జూమ్ చేసి లాభం లేదు, మనిషే దగ్గరికి వెళ్లాలి.

కెమెరా పాడవడానికి లోతే అక్కర్లేదు, ఒక్క వెంట్రుక చాలు. హౌసింగ్ మూత చుట్టూ ఓ-రింగ్ అనే సన్నటి రబ్బరు చుట్టు ఉంటుంది. దాని మీద ఇసుక రేణువో, నూలుపోగో పడితే నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి. రింగును వేళ్లతో మెల్లగా బయటికి తీసి, వెలుతురులో తిప్పి చూసి, తయారీదారు చెప్పిన గ్రీజు పలుచగా రాసి మళ్లీ కూర్చాలి. మొదటిసారి కెమెరా లేకుండా ఖాళీ హౌసింగ్‌నే నీళ్లలో ముంచి చూడాలి. కోనసీమ ఉక్కలో హౌసింగ్ మూస్తే లోపల చిక్కుకున్న తేమ చల్లటి నీళ్లు తగలగానే అద్దం మీద సన్నటి నీటి బిందువులై పడుతుంది. ఏసీ గదిలో మూసి, లోపల సిలికా జెల్ పొట్లం పెడితే ఆ బెడద తప్పుతుంది. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ల తొట్టెలో నానబెట్టి, పూర్తిగా ఆరాకే మూత తీయాలి.

మన రాష్ట్రంలో సాధనకు విశాఖలోని రుషికొండ తగిన చోటు. అక్కడ స్కూబా శిక్షణ దొరుకుతుంది. ప్రాథమిక శిక్షణతో వెళ్లగలిగేది 18 మీటర్ల దాకానే కాబట్టి 60 మీటర్ల హౌసింగ్ కోసం అప్పు చేయనక్కర్లేదు. నీళ్లలో నిలకడగా తేలడం రాకముందు కెమెరా పట్టుకుంటే కాళ్లు అడుగుకు తగిలి బురద లేస్తుంది, రాళ్లను అంటిపెట్టుకున్న జీవులు నలిగిపోతాయి. అంతవరకు ఇంట్లో చేపల తొట్టి దగ్గర దగ్గరి ఫోకస్ సాధన చేసుకోవచ్చు. గోదావరి పాయల్లోకి మాత్రం ఫొటో కోసం ఒంటరిగా దిగవద్దు.

తీసిన ఫొటోలు కెమెరాలోనే ఉండిపోతే ఇంత శ్రమా వృథా. ప్రతి ఫొటోకూ తేదీ, చోటు, లోతు రాసిపెట్టుకోండి. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి ఆన్‌లైన్ వేదికలో పెడితే ఆ జీవి ఏమిటో తెలిసినవాళ్లు పేరు చెబుతారు, పరిశోధకులకూ ఆ నమోదు పనికొస్తుంది. మన తీరంలో ఏ చేప ఏ నెలలో ఎక్కడ కనబడిందో ఆధారంతో చూపే పని మీ చిన్న కెమెరా కూడా చేయగలదు.