గోడ మీది స్వరాలు

ప్రయోగం అనగానే ప్రజలకు దూరమని తీర్పు చెప్పే అలవాటు మన విమర్శలో ఉంది. నేనూ అలా రాసినవాణ్ణే. డెన్మార్క్ స్వరకర్త ఎల్సె మారీ పాదె (1924–2016) కృతులు విన్నాక ఆ తీర్పు మీద నాకు అనుమానం పుట్టింది.

నాజీ ఆక్రమణ కాలంలో ఆమె ప్రతిఘటనోద్యమంలో పనిచేసింది. 1944 సెప్టెంబరులో గెస్టపో నిర్బంధించింది. జైలు గదిలో, బట్టలకున్న బకిల్‌తో గోడ మీద ఒక పాట స్వరాలు గీసుకుంది. 1952లో పియేర్ షెఫెర్ ప్రయోగాల గురించి రేడియోలో విని, లోకంలోని చప్పుళ్లనే సంగీతానికి ముడిసరుకు చేసుకుంది. చిన్నప్పుడు జబ్బుతో మంచం పట్టి, బయటి చప్పుళ్లు వింటూ గడిపిన పిల్ల మరి!

1958 నాటి 'సింఫొనీ మాగ్నెటోఫోనిక్' టేపు మీద కట్టిన కృతి. అందులో కోపెన్‌హాగెన్ నగరపు ఒక రోజు వినిపిస్తుంది: తెల్లవారడం, పనికి పోవడం, పని, ఇంటికి మళ్లడం, రాత్రి. నాయకుడు లేడు, బతుకు సాగించే ఊరే ఉంది. దీన్ని రూపవాదమని కొట్టిపారేయగలమా?

నాకొక పేచీ మాత్రం మిగిలింది. పనివాళ్ల చప్పుడు వినిపించింది గాని, వాళ్ల కోపం వినిపించలేదు. గోడ మీద స్వరాలు గీసిన తెగువ ఇక్కడ తగ్గిందా? లేక పాటలో సాహిత్యం ఉంటే తప్ప అర్థం తెలియని తెలుగు మాస్టారి చెవిదే లోపమా?