తలలు లెక్కపెట్టేవాళ్లకు

మా గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ముందు మా ఇంట్లో పిల్లల్ని లెక్కపెడతారు. ద్వేషించేవాళ్ల సంగతి సరే, జాలిపడే లౌకికవాదులూ ఇదే పని చేస్తారు. తెలుగు కథల్లో, సినిమాల్లో ముస్లిం ఇల్లంటే చాలాసార్లు ఓ చీకటి గది, ఓ పరదా, గంపెడు పిల్లలు. ఎంతమంది పుట్టారో చెప్తారు. ఎంతమంది పోయారో, ఎందుకు పోయారో, మిగిలినవాళ్లు ఎట్లా బతికారో చెప్పరు. మా అభ్యంతరం ఇక్కడే.

జనాభా అంటే పుట్టుకలొక్కటే కాదు, చావులు కూడా. పుట్టిన బిడ్డ దక్కుతుందన్న నమ్మకం లేని కాలంలో ఏ మతంవాళ్లయినా ఎక్కువమందినే కన్నారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా తర్వాత, 1921 జనగణనలో దేశ జనాభాయే తగ్గింది. మన నానీల, అమ్మమ్మల కాన్పుల్ని ఆ చావులతో కలిపి చదవాలి. బిడ్డలు బతకడం, ఆడపిల్లలు బడికి పోవడం పెరిగేకొద్దీ కాన్పులు తగ్గాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, 2019-21లో 2.4. హిందూ స్త్రీకి 3.3 నుంచి 1.9కి తగ్గింది. ఎక్కువ తగ్గింది మాలోనే. కేరళ ముస్లిం స్త్రీ కన్నా బీహార్ హిందూ స్త్రీకే పిల్లలెక్కువ. దీన్ని మతంతో కొలుస్తారా, బడితో ఆసుపత్రితో కొలుస్తారా?

మరో సంగతి ఎవరూ ఎత్తరు. పేదరికం, చదువులేమి ఉన్నా ముస్లిం ఇళ్లలో పసిపిల్లల చావులు హిందువుల కన్నా తక్కువని 2006లో సచార్ కమిటీ రాసింది. మరుగుదొడ్డి వాడకం ఎక్కువ కావడం దీనికి ముఖ్య కారణమని తర్వాతి పరిశోధన చూపింది. 2011 జనగణనలో ఆరేళ్లలోపు ప్రతి 1000 మంది మగపిల్లలకు ముస్లింలలో 943 మంది ఆడపిల్లలుంటే హిందువుల్లో 913 మందే. గొప్ప చెప్పుకోడానికి కాదు ఇది. చదువు మాన్పించి తొందరగా పెళ్లి చేసే ఇళ్లు మాలో ఉన్నాయి. వాటితో మా కొట్లాట మాకుంది. కానీ మీరు వెనకబాటుకు గుర్తుగా చూపే ఇల్లే బిడ్డను కాపాడింది కూడా.

ఇంటి పరిస్థితిని ఇంటివాళ్లొక్కరే తయారుచేసుకోరు. 1948 పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత హైదరాబాద్ రాజ్యంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ప్రాణనష్టం జరిగిన జిల్లాల్లో మెదక్ కూడా ఉంది. ఆ నివేదికను దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు. మగదిక్కు పోయిన ఇంట్లో బేవా అయిన తల్లి పొయ్యి ఎట్లా వెలిగించింది, ఏ బిడ్డను బడి మాన్పించి పనికి పంపింది? ఇది జనాభా చరిత్ర కాదా?

సుల్తాన్‌పూర్ ఆ పాత మెదక్ జిల్లాలోదే, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2017లో అక్కడ వైద్య పరికరాల పార్కుకు పునాది వేశారు. గుండెకు వేసే స్టెంట్లు అక్కడ తయారవుతున్నాయి. దానికి దగ్గర్లోనే పటాన్‌చెరు. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగును పాడుచేస్తే జనం 1990లో సుప్రీంకోర్టుకెక్కారు. మందుల కంపెనీల మురుగు శుద్ధిచేసే కేంద్రం బయటికి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. విషం కలిసిన నీళ్లు మతం అడగవు. డబ్బున్న కుటుంబం నీళ్లు కొనుక్కుంటుంది, ఇల్లు మారుస్తుంది. కూలిమీద బతికే కుటుంబం, అది ఎవరిదైనా, అక్కడే ఉండి తాగుతుంది.

ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దని ఉమ్మడి రాష్ట్రం 1994లో చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 2024లో దాన్ని ఎత్తేసింది. పాలకులే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. నిన్న భారమన్న బిడ్డ ఇవాళ అవసరమైంది. కనొద్దన్నప్పుడూ, కనమన్నప్పుడూ తల్లినెవరూ అడగలేదు.

మా ఇంటి గురించి రాసేవాళ్లను మేం కోరేది ఒక్కటే. గడప దగ్గరే తలలు లెక్కపెట్టి వెనక్కి పోకండి. లోపలికి రండి. తాగే నీళ్లు చూడండి, కూలి ఎంతొస్తుందో అడగండి, ఖబ్రస్తాన్‌లో ఉన్న పసివాళ్లను కూడా లెక్కలో వేసుకోండి.